తోటలో రాతిబొమ్మ: ముందు చోటు చూడండి



ఇల్లు కట్టుకున్న రెండు మూడేళ్ళకు, అప్పులు కాస్త తెరిపిన పడ్డాక, ఇంటావిడ చూపు ముందు వాకిలి మీద పడుతుంది. నాలుగు మందారాలు, ఒక పారిజాతం, తులసికోట పక్కన రెండు చామంతి కుండీలు పెట్టుకున్నా అక్కడ ఇంకా ఏదో వెలితిగానే ఉంటుంది. ఒక బొమ్మ ఉంటే బాగుండుననిపిస్తుంది. మా వీధిలో ఒక వదినగారికి ఇలాగే అనిపించి, హైదరాబాదు రోడ్డు పక్కన బేరమాడి సిమెంటు కొంగల జత తెచ్చారు. తెచ్చిన రోజు నుంచి ఆ కొంగలు గేటు దగ్గర కొన్నాళ్ళు, బోరు దగ్గర కొన్నాళ్ళు, మేడమెట్ల కింద కొన్నాళ్ళు కాపురం మారుస్తున్నాయి. నిజం కొంగలైనా అంత తిరగవు.

ఇందులో వదినగారి తప్పేమీ లేదు. మనలో చాలామందిమి ముందు బొమ్మ కొని, తరువాత చోటు వెతుక్కుంటాం. మన పెద్దవాళ్ళది దీనికి తలకిందుల పద్ధతి. వాళ్ళు ముందు చోటు చూసేవారు. ఆ చోటు ఏం అడుగుతోందో గమనించి, తరువాత రాయి మీద ఉలి పెట్టేవారు. ఆ పద్ధతి ఎలా నడిచిందో ఎక్కడో రోము, గ్రీసు కథలు తెచ్చి చెప్పనక్కరలేదు. మన ఇందూరు, బోధన్ వైపు నుంచే మొదలుపెట్టి చెప్పుకుందాం. చివరికి మన పెరట్లోకి వద్దాం.

బోధన్ అనగానే మనకు చక్కెర గుర్తొస్తుంది. నిజాంసాగర్ కాలువల కింద చెరుకు పండటం, 1937లో నిజాం చక్కెర కంపెనీ ఏర్పడటం, శక్కర్‌నగర్ అని ఊరికి ఊరే లేవడం, ఇవన్నీ మన అమ్మమ్మల కాలం నాటి సంగతులు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడేదాకా ఎన్నో సంసారాలు దాని మీదే నడిచాయి. కానీ ఊరికి చక్కెర రుచి తెలియకముందే రాయి విలువ తెలుసు. పూర్వపు పదహారు మహాజనపదాల్లో దక్షిణాదిన ఉన్నది అశ్మకం ఒక్కటే. దాని రాజధాని పోదన ఈ బోధనేనని చాలామంది చరిత్రకారుల మాట. అశ్మమంటే రాయి కదా! దేశం పేరులోనే రాయి ఉందన్నమాట.

జైనుల పురాణాల్లో పౌదనపురమని ఒక పట్నం వస్తుంది. అది కూడా బోధనేనంటారు. ఆదినాథుడి కొడుకులు భరతుడు, బాహుబలి రాజ్యం కోసం తలపడతారు. గెలిచే క్షణంలో బాహుబలికి విరక్తి పుట్టి, అన్నీ వదిలేసి తపస్సుకు నిలబడిపోతాడు. కాళ్ళ దగ్గర పుట్టలు లేచినా, తీగలు తొడల దాకా పాకినా కదలడు. తరువాత భరతుడు పౌదనపురంలో తమ్ముడికి 525 విల్లుల ఎత్తున విగ్రహం నిలిపాడని కథ. ఈ సంగతి 1180 ప్రాంతంలో బొప్పణ అనే కవి కన్నడంలో రాసిన శ్రావణబెళగొళ శాసనంలో ఉంది. అన్ని విల్లుల ఎత్తంటే పురాణం లెక్క లెండి. అంతటి విగ్రహం బోధన్‌లో ఇవాళ లేదు. కానీ అదే శాసనంలో ఇంకో మాట ఉంది. కాలక్రమాన ఆ విగ్రహం చుట్టూ అడవి కమ్మి, కుక్కుటసర్పాలు చేరి, మనుషులెవరూ దగ్గరికి పోలేని చోటైపోయిందట.

గంగరాజుల మంత్రి చావుండరాయడు ఆ పౌదనపుర విగ్రహాన్ని చూడాలని బయలుదేరబోయాడు. తల్లి కాళలాదేవి ముచ్చటపడిందని జనం చెప్పుకునే కథలో ఉంది. దారి దూరం, చోటు దుర్గమం అని పెద్దలు వారించారు. సరే, పోలేని చోట ఉన్న దేవుణ్ణి పోగలిగిన చోట నిలుపుదామని అతను శ్రావణబెళగొళలో కొండశిఖరాన్నే గోమఠేశ్వరుడుగా మలిపించాడు. అది 981 ప్రాంతం. దాదాపు 58 అడుగుల ఏకశిల. మన బోధన్‌లో కనపడకుండా పోయిన బొమ్మ కథ కన్నడ దేశంలో అలా నిలబడింది.

ఆ విగ్రహాన్ని ఎక్కడినుంచో మోసుకొచ్చి నిలపలేదు. కొండ కొమ్మున ఉన్న రాయినే చుట్టూ తొలుచుకుంటూ పోతే మిగిలినది అది. వెనక ఆకాశం తప్ప వేరే ఏమీ లేని చోటు. అందుకే కొన్ని మైళ్ళ దూరం నుంచే తల, భుజాలు కనిపిస్తాయి. అదే విగ్రహాన్ని లోయలో నిలిపి ఉంటే, పక్కన కొండల ముందు మరుగుజ్జుగా కనిపించేది. బొమ్మ ఎత్తు ఎన్ని అడుగులన్నదాని కంటే దాని వెనక ఏముందన్నదే దాని పెద్దరికాన్ని నిర్ణయిస్తుంది. ఇది 58 అడుగులకూ వర్తిస్తుంది, మన రెండడుగుల బొమ్మకూ వర్తిస్తుంది.

శ్రావణబెళగొళ వెళ్ళిన మన ఆడవాళ్ళు ఇంకో చిన్న విగ్రహం చూడకుండా రాకూడదు. గుళ్ళకాయజ్జి అంటారు. చావుండరాయడు బిందెల కొద్దీ పాలతో అభిషేకం చేయిస్తే ఆ పాలు విగ్రహం నడుము దిగలేదట. ఒక పేద ముసలమ్మ చిన్న కాయడొప్పలో పట్టెడు పాలు తెచ్చి పోస్తే అవి పాదాల దాకా పారి కొండ దిగాయట. ఆ అవ్వ విగ్రహాన్ని ఎక్కడ పెట్టారో చూడండి. లోపల, దేవుడి పక్కన పెట్టలేదు. ప్రాకారం బయట, గోమఠేశ్వరుడికి ఎదురుగా నిలిపారు. తన వంతు కోసం గడపలో నిలబడ్డ మనిషిలా ఉంటుంది. చేతిలో కాయడొప్ప ఉంటుంది. మనిషి ఎత్తు బొమ్మ. ఎదురుగా అంత పెద్ద విగ్రహం ఉన్నా చూపు ఈమె మీద నిలుస్తుంది. తగిన చోట పెట్టిన చిన్న బొమ్మకు ఎంత బలముందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇక తోట దగ్గరికి వస్తాను. కొండ మీద బొమ్మలు, కింద తోట, రెండూ కలిపి ఒక మనిషి చేయించిన సంగతి మన తెలంగాణాలోనే రాతి మీద రాసి ఉంది. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల. ఆ ఊరి పక్క గుట్టను బొమ్మలమ్మగుట్ట అంటారు. వేములవాడ చాళుక్యుల కాలంలో, పదో శతాబ్దం నడుమ, జినవల్లభుడనే ఆయన ఆ గుట్ట రాతి మీద చక్రేశ్వరీదేవిని, జినులను చెక్కించి, పక్కన సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం వేయించాడు. ఈయన కన్నడ ఆదికవి పంపడికి తమ్ముడు. ఆ పంపడే 941లో ఆదిపురాణంలో భరత బాహుబలుల కథ రాశాడు. అన్న పౌదనపురం కథను కావ్యంలో పెడితే, తమ్ముడు దేవతలను గుట్ట మీద పెట్టాడన్నమాట. శాసనంలోని తెలుగు కందపద్యాలు మనకు దొరికిన మొట్టమొదటి కందాల్లో లెక్క.

ఆ శాసనంలో జినవల్లభుడు తాను చేయించిన పనులు చెప్పుకున్నాడు. త్రిభువనతిలకమనే బసది కట్టించాడు. అన్న బిరుదు మీద కవితాగుణార్ణవమనే చెరువు తవ్వించాడు. మదనవిలాసమనే తోట వేయించాడు. గుడి, చెరువు, తోట, గుట్ట మీద శిల్పాలు! వెయ్యేళ్ళ కిందట మనవాళ్ళు ఆరుబయట శిల్పాన్ని విడిగా ఆలోచించలేదనడానికి ఇది సాక్ష్యం. ఎక్కి చూడటానికి గుట్ట, చూసొచ్చాక కాళ్ళు కడుక్కోవడానికి చెరువు, కూర్చోవడానికి చెట్టునీడ. తోట లేదిప్పుడు, గుట్ట మీది దేవతలున్నారు. ఆ చుట్టుపక్కల గుట్టల్ని గ్రానైటు క్వారీలు తినేస్తుంటే, ఈ గుట్టకూ ముప్పు వచ్చిందని చరిత్ర తెలిసినవాళ్ళు మొరపెట్టుకోవలసి వచ్చింది. కరీంనగర్ గ్రానైటు ఎక్కడికి పోతుందనుకున్నారు? పై దేశాలకు పోతుంది, మన వంటింటి గట్ల మీదికీ వస్తుంది. నున్నగా మెరిసే ఆ గట్టు మీద కూరలు తరిగేటప్పుడు అప్పుడప్పుడు ఈ గుట్టను తలుచుకోవడంలో తప్పులేదు.

రాజులు, మంత్రుల మాట అటుంచండి. మన పల్లెల్లో ఏ రాయి ఎక్కడ ఉండాలో చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. బొడ్రాయి ఊరి నడిబొడ్డున ఉంటుంది. పోశమ్మ వేపచెట్టు కింద ఉంటుంది. రావి, వేప కలిసి పెరిగిన గట్టు మీద నాగుల రాళ్ళుంటాయి. గుడి గోడలకూ ఇలాంటి లెక్కే ఉంది. దక్షిణామూర్తి దక్షిణం వైపు, ఎనిమిది దిక్కుల పాలకులు ఎనిమిది వైపులా, అభిషేకజలం జారే తూము ఉత్తరానికి. చోటు మారితే ఆ బొమ్మకు అర్థమే మారిపోతుంది.

చెరువు కట్టల మీద, పొలిమేరల్లో ఇంకో రకం రాళ్ళు కనిపిస్తాయి. కత్తి పట్టిన మనిషి, పైన అతన్ని స్వర్గానికి తీసుకుపోతున్న అప్సరసలు. అవి వీరగల్లులు. పశువుల కోసమో, ఊరి కోసమో పోరాడి చచ్చిపోయినవాడి గుర్తులు. వాటి పక్కన ఒక్కోసారి పైకెత్తిన చెయ్యి ఒక్కటే చెక్కిన రాయి ఉంటుంది. మోచేయి మడిచి ఉంటుంది, మణికట్టుకు గాజులుంటాయి. అది సతి రాయి. మగడి చితిలో కాలిపోయిన ఒక ఆడమనిషి గుర్తు అది. ఆమె పేరు చాలాచోట్ల రాసి ఉండదు, గాజులు మాత్రం లెక్కపెట్టొచ్చు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈమధ్య ఇలాంటి పాతరాళ్ళ మీద ఊరి బయట తోట ఇళ్ళవాళ్ళకు మోజు పెరిగింది. పొలంలో పడి ఉంది కదా, చెరువు గట్టున ఎవరూ పట్టించుకోవడం లేదు కదా అని ట్రాక్టరులో వేయించి తెచ్చుకుని, గడ్డి మైదానంలో కుర్చీల పక్కన నిలబెడతారు. గాజుల చెయ్యి రాయి పక్కన కూర్చుని సాయంత్రం పూట టీ తాగడం నాకైతే మింగుడుపడదు. పడిపోయి ఉన్న విరిగిన విగ్రహాల సంగతి కూడా అంతే. భిన్నమైన విగ్రహానికి పూజ చేయరు కనుక పూర్వం వాటిని నీళ్ళలో వదిలేవారు, లేదా చెట్టు మొదట్లో పెట్టేవారు. ఎవరో పారేసినవి కావు అవి, ఆలోచించి అక్కడ ఉంచినవి.

చట్టం కూడా ఒప్పుకోదు. 1972లో వచ్చిన పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన శిల్పం పురావస్తువు. దగ్గర ఉన్నవాళ్ళు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి, అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. పునాది తవ్వేటప్పుడు ఏదైనా విగ్రహం బయటపడితే దాచుకోకూడదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని అందులో ఉంది. ఆనాటి పది రూపాయలు సుమా, ఇవాళ్టికీ అదే లెక్క!

పాతరాళ్ళను అలంకారానికి ఎత్తుకొస్తే ఏమవుతుందో చెప్పడానికి మన తెలుగునేలలోనే పెద్ద ఉదాహరణ ఉంది, అమరావతి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు గారు అక్కడ కొత్త పట్నం కడుతుంటే దీపాలదిన్నె తవ్వి రాళ్ళు, ఇటుకలు వాడుకున్నారు. అది బౌద్ధస్తూపమని అప్పటికి ఎవరికి తెలుసు? తరువాత 1830 ప్రాంతంలో మచిలీపట్నంలో రాబర్ట్‌సన్ అనే దొర కొత్త బజారు వేయించి, దాని నడుమ దిబ్బ కట్టి, అమరావతి పలకలు తెప్పించి చుట్టూ అలంకరించాడు. ఆ బజారు పేరే రాబర్ట్‌సన్‌పేట. అదే ఊళ్ళో ఒక ఓడరేవు అధికారి తన ఇంటి తోటలో కూడా కొన్ని పలకలు పెట్టుకున్నాడు. 1845లో వాల్టర్ ఇలియట్ దిన్నె మళ్ళీ తవ్వించాడు. ఆ పలకలు మద్రాసు చేరి, ఎండకూ వానకూ ఆరుబయట కొన్నేళ్ళు పడి ఉండి, 1859లో ఓడెక్కి లండను పోయాయి. బజారు దిబ్బ మీద ఉన్నవి కొంతకాలానికి మద్రాసు మ్యూజియానికి చేరాయి. పల్నాటి సున్నపురాయి మెత్తటి రాయి. స్తూపానికి చుట్టూ వరసగా ఉన్నప్పుడు ప్రదక్షిణం చేసేవాడికి బుద్ధుడి కథ ఒక్కో పలక చెబుతూ పోయేది. బజారు దిబ్బ మీదా, తోటలోనూ ఆ కథ వరస తప్పిపోయింది. ఇవాళ కొన్ని లండనులో, కొన్ని చెన్నైలో, కొన్ని అమరావతిలో. ఏ పలక పక్కన ఏది ఉండేదో పండితులు ఇంకా లెక్కలు వేస్తూనే ఉన్నారు.

మన ఊళ్ళో అలా చోటు తప్పిన రాళ్ళకు ఒక నీడ దొరికింది. తిలక్ గార్డెన్‌లో 2001 అక్టోబరులో పురావస్తు ప్రదర్శనశాల తెరిచారు. రాతియుగం పనిముట్ల నుంచి విజయనగర కాలం దాకా వస్తువులున్నాయి, శిల్పాలకు ఒక విభాగమే ఉంది. పిల్లల్ని ఆ తోటకు ఆడుకోవడానికి తీసుకెళ్ళినవాళ్ళు కూడా చాలామంది లోపలికి తొంగి చూడరు. ఈసారి వెళితే ఒక పని చేయండి. ఒక్క విగ్రహం ముందు నిలబడి, ఇది గుడిలో ఏ వైపు ఉండేది, పక్క నుంచి చూసేదా, కింద నుంచి తలెత్తి చూసేదా అని పిల్లల్ని అడగండి. పై అంతస్తు కోసం చెక్కిన బొమ్మకు తల కొంచెం పెద్దదిగా, ముందుకు వంగి ఉంటుంది. మన కళ్ళ ఎత్తున పెడితే అది వికారంగా కనిపిస్తుంది. శిల్పి తప్పు కాదది, చోటు మారడం వల్ల వచ్చిన తంటా.

ఇంకో చోటు బోధన్‌లోని దేవల్ మసీదు. రాష్ట్రకూటుల కాలంలో నక్షత్రం ఆకారంలో కట్టిన జైన దేవాలయమంటారు, తుగ్లకుల కాలంలో మసీదైంది. ఆ స్తంభాల మీద తీర్థంకరుల రూపాలు ఇంకా కనిపిస్తాయి. రాళ్ళు మాత్రం కదలకుండా తమ చోటనే ఉన్నాయి. ఇలాంటి లోతు తక్కువ చెక్కడాలను మిట్టమధ్యాహ్నం చూస్తే ఏమీ తెలియదు. పొద్దుటి ఏటవాలు ఎండలో గీత గీతా లేచొస్తుంది. ఈ ఎండ సంగతి గుర్తు పెట్టుకోండి, మన తోటలో పనికొస్తుంది.

మనుషుల విగ్రహాల గురించి రెండు ముక్కలు. 1986లో ఎన్.టి. రామారావు గారు హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు 33 పెట్టించారు. వాటిలో తెలంగాణావాళ్ళు తక్కువన్న అసంతృప్తి లోపల రగిలి, 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ నాడు కొన్ని విగ్రహాలు పగిలిపోయాయి. హుస్సేన్‌సాగర్ బుద్ధుడి కథ మీకు తెలిసిందే. 1990 మార్చి 10న బార్జి ఒరిగి విగ్రహం మునిగింది, మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు, 1992 డిసెంబరులో గాని మళ్ళీ పైకి రాలేదు. మన బోధన్‌లోనూ 2022 మార్చిలో కూడలిలో ఒక విగ్రహం నిలపడం మీద రాళ్ళు రువ్వుకునేదాకా పోయి, ఊళ్ళో 144 సెక్షను పెట్టారు. ఆ గొడవలో ఎవరిది న్యాయమని తేల్చడం నా పని కాదు. ఆ రోజుల్లో దుకాణాలు మూసి, పిల్లలు బడి నుంచి ఎప్పుడొస్తారా అని తలుపుల దగ్గర నిలబడినవాళ్ళు ఆడవాళ్ళే. నలుగురూ నడిచే చోట బొమ్మ పెట్టేటప్పుడు ఆ నలుగురినీ ముందుగా అడగాలన్నది మాత్రం మనకు తెలుసు. ఇంట్లో సోఫా జరపాలన్నా అందరినీ అడుగుతాం కదా!

దానికి ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. జానకంపేట దగ్గర అశోక్‌సాగర్ చెరువులో సహజంగా పేరుకున్న బండలను తొలగించకుండా, వాటినే రాతి తోటగా ఉంచి, నడుమ సరస్వతీదేవిని నిలిపారు. అది బాసరకు పోయే దారి. పిల్లాడి అక్షరాభ్యాసానికి బయలుదేరిన సంసారాలు ఆ దారినే పోతాయి. ఆ చోట వేరే ఎవరి విగ్రహమూ అంత చక్కగా అమరదు. నిజాం కాలపు అలీసాగర్ తోట ఇంకో తరహా. దాని అందమంతా నీళ్ళూ, గట్టూ, చెట్ల వరసలూ. బొమ్మలు లేకుండానే తోటలు నిండుగా ఉండగలవు. మీ వాకిట్లో మంచి చెట్టు ఒకటుంటే, బొమ్మ ఆలోచన మానుకున్నా నష్టమేమీ లేదు.

మానుకోలేమంటారా, అయితే వినండి. ముందు ఇంట్లో మీరు ఎక్కువసేపు నిలబడే చోటు ఏదో చూసుకోండి. చాలామందికి అది వంటింటి కిటికీ. తోటలో బొమ్మ గేటు దగ్గర పెట్టి వచ్చేపోయేవాళ్ళకు చూపించడం కంటే, ఆ కిటికీలోంచి కనపడేలా పెట్టుకోవడం నాకిష్టం. దాని వెనక ఏముందో చూడండి. రంగురంగుల పూలమడి వెనక ఉంటే బొమ్మ కలిసిపోతుంది. ముదురాకుపచ్చ కంచె మొక్కలో, సున్నం వేసిన ఖాళీ గోడో ఉంటే తేలి కనిపిస్తుంది. బట్టలారేసే తీగ వెనక వద్దని వేరే చెప్పాలా? నాలుగు రోజులు అక్కడ బొమ్మ ఎత్తున ఒక బిందె బోర్లించి, దాని మీద ఇంకోటి పెట్టి చూడండి. పొద్దున, సాయంత్రం ఎండ పక్క నుంచి పడుతున్న చోటైతే సరైనది.

తరువాత నేల. నిజామాబాద్ పట్నంలో చాలాచోట్ల ఎర్రమట్టి, మొరం. బోధన్ వైపు నల్లరేగడి. ఈ రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత బీటలిస్తుంది. దాని మీద దిమ్మె కట్టి బొమ్మ పెడితే రెండు వానాకాలాల్లో ఒక పక్కకు ఒరుగుతుంది. గట్టి నేల తగిలేదాకా తవ్వి, అది అందకపోతే కనీసం రెండు మూడడుగులు రేగడి తీసేసి మొరం పోసి దిమ్మిస పెట్టించి, దాని మీద దిమ్మె కట్టించాలి. మొక్కలకు పెట్టే నీళ్ళు దిమ్మె మొదట్లో నిలవకుండా వాలు ఉండాలి. పిల్లలు ఎక్కుతారు కనుక అడుగున ఇనుప చువ్వతో బొమ్మను దిమ్మెకు బిగించమని మేస్త్రీకి గట్టిగా చెప్పండి.

ఏ రాయి అంటారా? ఆరుబయటకు గ్రానైటు, నల్లరాయి వంటివి ఎండకూ వానకూ తట్టుకుంటాయి. వరంగల్ వైపు 1213 నాటి రామప్ప గుడిలో చూరు కింద ఉన్న మదనికలు ఆ నల్లరాయి నునుపుతోనే ఇవాళ్టికీ నిగనిగలాడుతున్నారు. సున్నపురాయి బొమ్మ కావాలంటే వరండాలో పెట్టుకోండి, వాన దాన్ని మెల్లగా కరిగిస్తుంది. మన పొరుగున నిర్మల్ బొమ్మలు ఎంత ముద్దుగా ఉన్నా అవి పొణికి చెక్కవి, తోటకు పనికిరావు, హాల్లోనే అందం. కొత్తగా చెక్కించుకోవాలంటే ఆళ్ళగడ్డలోనూ, పల్నాడు దుర్గిలోనూ తరతరాల శిల్పులున్నారు. దుర్గిది మెత్తని రాయి, ఆరుబయటకని ముందే చెప్పి అడగండి. చోటు కొలత, దిమ్మె ఎత్తు, ఏ వైపు నుంచి చూస్తారో రాసి పంపితే దానికి తగ్గట్టు చెక్కుతారు. పూజించే దేవుడి రూపం తోటలో వద్దని నా సలహా. చెప్పులతో తిరిగే చోటు, కుక్కలొచ్చే చోటు. ఏనుగు, హంస, కొమ్మ పట్టుకున్న సాలభంజిక, వీటికి ఆ ఇబ్బంది లేదు. ఆడది తాకితే చెట్టు పూస్తుందని మన పెద్దలు నమ్మారు కదా, ఆ నమ్మకంలోంచి పుట్టిన బొమ్మే సాలభంజిక. దాన్ని నిజం చెట్టు కింద పెడితే ఎంత బాగుంటుంది!

డబ్బు పెట్టలేని వాళ్ళు ఇంటి వెనక్కి ఒకసారి వెళ్ళి చూడండి. మిక్సీ వచ్చాక మూలన పడేసిన రోలు ఉంటుంది, ఇసుర్రాయి ఉంటుంది. మీ అత్తగారి అత్తగారు పండగలకు పిండి రుబ్బిన రాయి అది. ఏ బజారులోనూ దొరకదు, అది మీ ఇంటిదే. పాచి పడితే మెత్తని బ్రష్షూ మంచినీళ్ళూ చాలు, యాసిడ్ పోయకండి, ఇనుప బ్రష్షు వాడకండి, ఆయిలు పెయింటు అసలే వద్దు. జామచెట్టు కింద రోలు ఉంచి, వేసవిలో అందులో నీళ్ళు పోస్తే పిచ్చుకలొస్తాయి. మూడు రోజులకోసారి ఆ నీళ్ళు పారబోసి కొత్తవి పోయండి, లేకపోతే దోమలు చేరతాయి.